వినిపించని సముద్రం

కావ్యరచనలో కష్టమైన పని ఏది అని అడిగితే మన విద్యార్థులు యుద్ధవర్ణన అనో, విరహవర్ణన అనో ఠక్కున చెబుతారు. పరీక్షలలో తరచుగా అడిగేవి అవే గనుక వారిని తప్పు పట్టనక్కరలేదు. కాని నిజానికి కష్టమైన పని ఏమీ జరగని రోజును వర్ణించడం. యుద్ధాన్ని వర్ణించే కవికి ఏనుగులూ, గుర్రాలూ, రథాలూ తోడు వస్తవి. విరహాన్ని వర్ణించే కవికి చంద్రుడూ, మలయమారుతమూ తోడు వస్తవి. పొద్దున లేచి, బడికి వెళ్ళి, సాయంకాలం ఇల్లు చేరిన ఒక పిల్లవాని దినచర్యను వర్ణింపబూనిన కవికి తన చూపు తప్ప వేరే తోడు లేదు. ఆ చూపు నిశితమైతే రచన నిలుస్తుంది. లేకపోతే అది వట్టి దినచర్యగానే మిగిలిపోతుంది.

ఇట్టి రచనలను నేడు ‘స్లైస్ ఆఫ్ లైఫ్’ అనే పేరుతో వ్యవహరిస్తున్నారు. జీవితం నుండి కోసి తీసిన ఒక ముక్క అని అర్థం. పందొమ్మిదవ శతాబ్దపు ఫ్రెంచి నాటకరంగంలో పుట్టిన ఈ మాట, తరువాత కథలకూ, నవలలకూ, చలనచిత్రాలకూ పాకింది. జపానువారు యానిమేషన్ చిత్రాలలో, అనగా గీసిన బొమ్మలు కదిలే చిత్రాలలో, ఈ పద్ధతిని ప్రత్యేకమైన శ్రద్ధతో పెంచి పోషించారు. వేరే దేశాలలో బొమ్మల చిత్రమంటే మాట్లాడే జంతువులూ, మంత్రగత్తెలూ గుర్తుకు వస్తే, జపానులో బియ్యం కడిగే తల్లి, రైలు కోసం నిలబడిన ఉద్యోగిని, బల్ల మీద తల వాల్చుకొన్న విద్యార్థి కూడా బొమ్మల చిత్రానికి వస్తువులైనారు. ఇది మెచ్చుకోవలసిన సంగతి.

అయితే మెప్పుతోపాటు ఒక బద్ధకం కూడా ప్రవేశించింది. ఇట్టి చిత్రం ఏదైనా చప్పగా ఉన్నదని ఎవరైనా అంటే, ‘ఇందులో ఏమీ జరగదు, అదే దీని అందం’ అనే సమాధానం వెంటనే వినబడుతుంది. ఏమీ జరగకపోవడం అందమైతే ప్రతి గోడా మహాకావ్యమే కావలె. ఏమీ జరగనట్లు కనిపిస్తూనే లోపల ఏదో జరగడం అందం. ఈ తేడాను పాఠకుల ముందుంచడానికి ఒక చిత్రాన్ని ఉదాహరణగా తీసికొంటున్నాను. అది పేరుగల సంస్థ తీసిన పేరులేని చిత్రం. ఆశ పెట్టి నిరాశపరచిన చిత్రం. దాని జపాను పేరు ‘ఉమి గా కికోయేరు’. ‘సముద్రం వినిపిస్తున్నది’ అని దానికి అర్థం. ఇంగ్లీషులో దానిని ‘ఓషన్ వేవ్స్’ అన్నారు.

ఈ చిత్రాన్ని నిర్మించినది 1985 లో ఏర్పడిన స్టూడియో ఘిబ్లీ. హయావో మియజాకి, ఇసావో తకహాతా అనే ఇద్దరు దర్శకుల పేరుతో ఆ సంస్థ ప్రపంచఖ్యాతి గడించింది. వారిద్దరూ కాక మరొకరు దర్శకత్వం వహించిన మొదటి ఘిబ్లీ చిత్రం ఇదే. దర్శకుడు తొమోమి మోచిజుకి. సంస్థలోని యువ చిత్రకారులకు స్వతంత్రంగా ఒక అవకాశమిచ్చి, తక్కువ ఖర్చుతో, తక్కువ కాలంలో, నాణ్యత చెడకుండా టెలివిజన్ కోసం ఒక చిత్రం తీయించాలని నిర్మాతల సంకల్పం. తీరా పూర్తి అయ్యేసరికి అనుకొన్న ఖర్చూ దాటింది, అనుకొన్న గడువూ దాటింది. 1993 మే 5 న జపాను టెలివిజన్‌లో ప్రసారమైన ఈ చిత్రం నిడివి 72 నిమిషాలు. దీనికి మూలం సయెకో హిమురో అనే రచయిత్రి ఒక యానిమేషన్ పత్రికలో ధారావాహికగా వ్రాసిన నవల. అమెరికా ప్రదర్శనశాలలకు ఈ చిత్రం చేరడానికి 2016 దాకా పట్టింది. 2020 ఫిబ్రవరిలో ఘిబ్లీ చిత్రాలు నెట్‌ఫ్లిక్స్ ద్వారా అనేక దేశాలకు, మన దేశానికి కూడా, అందుబాటులోకి వచ్చినప్పుడు మొదటి విడతలోనే ఇదీ వచ్చింది. అయినను మన విద్యార్థులలో ‘టొటొరో’ను చూచినవారు పదిమంది ఉంటే దీని పేరు విన్నవారు ఒక్కరైనా ఉండడం కష్టమే.

కథ సంగ్రహంగా ఇది. తకు మొరిసాకి టోక్యోలో విశ్వవిద్యాలయ విద్యార్థి. ఒకనాడు కిచిజోజి రైల్వేస్టేషనులో, ఎదుటి ప్లాట్‌ఫారం మీద, తాను ఎరిగిన ఒక అమ్మాయివంటి ఆకృతి కనబడి మాయమవుతుంది. పూర్వ విద్యార్థుల సమావేశం కోసం అతడు తన స్వస్థలమైన కోచికి విమానంలో బయలుదేరుతాడు. కోచి షికోకు ద్వీపంలో, పసిఫిక్ మహాసముద్రపు ఒడ్డున ఉన్న పట్టణం. దారిలో అతనికి పాఠశాల రోజులు గుర్తుకు వస్తవి. రెండేండ్ల క్రితం రికాకో ముతో అనే అమ్మాయి టోక్యో నుండి వచ్చి వారి బడిలో చేరింది. తలిదండ్రులు విడిపోగా తల్లితో కలసి ఈ ఊరికి వచ్చిన పిల్ల. చదువులో చురుకు, ఆటలలో చురుకు, మాటలో మాత్రం ముల్లు. తకు ప్రాణస్నేహితుడు యుతాకా మత్సునో ఆమెను ఇష్టపడతాడు. హవాయి ద్వీపానికి బడి పిల్లలు విహారయాత్ర వెళ్ళినప్పుడు, తన డబ్బు పోయిందని చెప్పి రికాకో తకు దగ్గర 60,000 యెన్లు అప్పు తీసికొంటుంది. తకు ఒక భోజనశాలలో పని చేసి కూడబెట్టుకొన్న సొమ్ము అది. ఆ అప్పు నిజానికి టోక్యోలోని తండ్రి దగ్గరకు పారిపోవడానికని తరువాత తెలుస్తుంది. ఆమెను ఒంటరిగా పంపలేక తకు కూడా వెళతాడు. తండ్రి ఇంట మరొక స్త్రీ ఉన్నది. తన పక్షాన ఉన్నాడని నమ్మిన తండ్రి తన పక్షాన లేడని తెలిసిన ఆ పిల్ల తకు బస చేసిన హోటలు గదికి వచ్చి ఏడ్చి, మంచం మీద నిద్రపోతుంది. తకు స్నానపుతొట్టిలో పడుకొంటాడు.

ఊరికి తిరిగివచ్చిన తరువాత వదంతులు పుడతవి. మత్సునో తన మనసు విప్పి చెప్పగా రికాకో అతనిని కటువుగా తిరస్కరిస్తుంది. బడిలో ఉత్సవం వచ్చినప్పుడు, కలసిరాదని ఆగ్రహించిన కొందరు ఆడపిల్లలు రికాకోను చుట్టుముట్టి నిలదీస్తారు. ఆమె ఒంటరిగా ఎదుర్కొని నిలుస్తుంది. అదంతా చాటున చూచిన తకు, ‘బాగా నెగ్గుకొచ్చావు’ అన్నట్లు మెచ్చుకోబోతాడు. ఆమె అతని చెంప పగిలేటట్లు కొట్టి, ఏడుస్తూ వెళ్ళిపోతుంది. ఆపలేదా అని అడిగి, లేదని తెలిసి, మత్సునో కూడా తకును గుద్ది వెళతాడు. స్నేహం తెగిపోతుంది. ఆ తరువాత కథ మళ్ళీ వర్తమానానికి వస్తుంది. స్నేహితులు రాజీపడతారు. పాత తరగతివారు కలసి నవ్వుకొంటారు. తకు టోక్యోకు తిరిగివచ్చి, అదే స్టేషనులో రికాకోను చూచి, తాను ఆమెను ప్రేమిస్తూనే ఉన్నానని గ్రహిస్తాడు.

దోషాలు ఎంచేముందు గుణాలు చెప్పడం మర్యాద. ఈ చిత్రానికి గుణాలు లేకపోలేదు. ఊహాలోకాన్ని గాక ఒక నిజమైన పట్టణాన్ని గీయాలన్న పట్టుదల ఇందులో కనిపిస్తుంది. కోచి కోట, ట్రాముబండ్లు, ఎండకు తెల్లబడిన వీధులు చూస్తుంటే ఆ ఊరికి ఒకసారి వెళ్ళివచ్చినట్లే ఉంటుంది. గతం వర్తమానంలోకి వచ్చేచోట బొమ్మ చుట్టూ తెల్లని అంచు ఏర్పడి, పాత ఆల్బంలోని ఛాయాచిత్రంవలె కుదించుకొనిపోవడం చక్కని భావన. తకు, మత్సునోల స్నేహం మొదలైన ఘట్టం ఉపాధ్యాయులు ప్రత్యేకంగా చూడదగినది. చదువు దెబ్బతింటున్నదని బడి పెద్దలు పిల్లల విహారయాత్రను రద్దు చేస్తారు. ఆ నిర్ణయాన్ని బాహాటంగా ఎదిరించడంలో ఈ ఇద్దరూ ఒకరినొకరు గుర్తించుకొంటారు. నలుగురిలో ఒకడు చెయ్యెత్తినప్పుడు, ఎత్తిన రెండవ చెయ్యి ఎవరిదో చూడడంలో స్నేహం పుడుతుందన్న సత్యాన్ని ఆ చిన్న ఘట్టం చెప్పకనే చెప్పింది. చిత్రమంతా ఆ స్థాయిలో ఉండి ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు.

మరి లోపం ఎక్కడ? కథ చిన్నదని కాదు. సంఘటనలు లేవనీ కాదు. నిజానికి సంఘటనలు అవసరానికి మించి ఉన్నవి. అప్పు, అబద్ధం, విమానప్రయాణం, తండ్రి ఇంటిలో పరాయి స్త్రీ, తిరస్కారం, చెంపదెబ్బ, ముష్టిఘాతం, ఇన్ని ఉన్న 72 నిమిషాల చిత్రాన్ని ఏమీ జరగని చిత్రమని ఎవరంటారు? లోపం మరొక చోట ఉన్నది. బయట ఇన్ని జరుగుతుంటే తకు లోపల ఏమి జరుగుతున్నదో చిత్రం చూపలేదు. చివర మాత్రం, లోపల ప్రేమ ఉన్నదని అతని నోటనే చెప్పించింది.

మన ఆలంకారికులు ఇట్టి లోపానికి చాలా కాలం క్రిందటే పేరు పెట్టారు. పదకొండవ శతాబ్దంవాడైన మమ్మటుడు తన కావ్యప్రకాశంలో రసదోషాలను లెక్కించేటప్పుడు మొట్టమొదట చెప్పినది స్వశబ్దవాచ్యత. రసాన్ని గాని, స్థాయిభావాన్ని గాని, సంచారిభావాన్ని గాని దాని పేరుతోనే పిలిచి చెప్పడం దోషమని ఆయన మతం. ‘ఆమెకు సిగ్గు కలిగినది’ అని వ్రాస్తే సమాచారం అందుతుంది. ఆమె తల వంచి కాలి బొటనవ్రేలితో నేల గీచినదని వ్రాస్తే సిగ్గు అందుతుంది. మొదటిది వార్త, రెండవది కావ్యం. ఈ సూత్రం సంస్కృతనాటకాలకే చెల్లుతుందని ఎవరైనా అనుకొంటే, ఈ జపాను బొమ్మల చిత్రం చివరి పది నిమిషాలు చూడవలె. సూత్రం ఎంత సజీవమైనదో అర్థమవుతుంది.

ఆ పది నిమిషాలలోనే ఒక విచిత్రమున్నది. సమావేశానికి రాని రికాకో గురించి ఒక స్నేహితురాలు ఒక మాట చెబుతుంది. టోక్యోలో తాను కలసికొనగోరే మనిషి ఒకడున్నాడని రికాకో అన్నదట. ఎవరతను అంటే, స్నానపుతొట్టిలో నిద్రపోయేవాడు అన్నదట. ఇది అచ్చమైన ధ్వని. ప్రేమ అనే మాట లేదు. తకు పేరు కూడా లేదు. కాని ఆ రాత్రి తనకు మంచం విడిచి, తొట్టిలో ఒదిగి పడుకొన్న కుర్రవాని మర్యాద ఆమె మనసులో ఇన్నాళ్ళు ఎట్లా ఉండిపోయిందో ఆ ఒక్క మాటలో తెలిసిపోయింది. చిత్రమంతటిలో ఇంతకంటె మంచి మాట లేదు. చిత్రం అక్కడ ఆగి ఉంటే చాలా లోపాలు క్షమింపదగినవయ్యేవి. కాని ఆగలేదు. తరువాత తకు దీపాలతో వెలిగే కోట దగ్గర నడుస్తూ గడిచిన ఘట్టాలన్నిటినీ ఒకసారి నెమరువేసికొంటాడు. మనం ఇంతకు ముందే చూచిన దృశ్యాలు మళ్ళీ మన ముందుకు వస్తవి. పిమ్మట స్టేషనులో ఆమెను చూచి, తాను ప్రేమించినట్లు మనసులోనే చెప్పుకొంటాడు. ధ్వనితో చెప్పిన దానిని వెంటనే వాచ్యం చేసి చెరపడమంటే ఇదే. అమ్మాయి ప్రేమ మనకు అందింది. అబ్బాయి ప్రేమ మనకు ప్రకటితమైంది. అతని కథగా సాగిన చిత్రంలో ఇట్లా జరగడం విచారకరం.

తన మనసు తనకే తెలియని వయసు అది, అందుచేతనే చిత్రం కూడా దానిని చూపలేదు అని కొందరు సమర్థింపవచ్చును. ఈ వాదంలో కొంత న్యాయమున్నది గనుక దీనికి సమాధానం చెప్పవలె. పాత్రకు తెలియకపోవడం వేరు, ప్రేక్షకునికి తెలియకపోవడం వేరు. పాత్రకు తెలియనిది ప్రేక్షకునికి తెలిసినప్పుడే ఆ పాత్ర మీద మనకు కనికరం పుడుతుంది. యాసుజిరో ఓజు 1953 లో తీసిన ‘టోక్యో స్టోరీ’లో అతామి అనే ఊళ్ళో సముద్రపుగట్టు మీద కూర్చున్న ముసలి దంపతులు ఇంటికి పోదామని లేస్తారు. లేవబోయిన ముసలామె ఒక్క క్షణం తూలుతుంది. ఏదో తల తిరిగిందని ఆమె అనుకొన్నది. మనకు మాత్రం గుండెలో కలుక్కుమంటుంది. ఆమె ఇక ఎక్కువ కాలం ఉండదని ఎవరూ చెప్పకుండానే మనకు తెలిసిపోతుంది. పాత్ర అజ్ఞానాన్ని చూపే తీరు అది. తకు విషయంలో అట్టి తూలడం ఒక్కటైనా లేదు. రికాకో అతనిని మోసగించినప్పుడు చిరాకు పడ్డాడు. ఏడ్చినప్పుడు ఇబ్బంది పడ్డాడు. స్నేహితుని బాధపెట్టినప్పుడు కోపపడ్డాడు. ఇవన్నీ సంచారిభావాలు. వీటి అడుగున నిలిచి ఉండవలసిన స్థాయిభావం మాత్రం ఎక్కడా పొటమరించలేదు.

ఇదే సంస్థ రెండేండ్ల ముందు, 1991 లో, తకహాతా దర్శకత్వంలో ‘ఓమొహిదె పొరోపొరో’ అనే చిత్రం తీసింది. ఇంగ్లీషులో ‘ఓన్లీ యెస్టర్‌డే’ అన్నది ఇదే. ఇది కూడా జ్ఞాపకాల కథే. 27 ఏండ్ల తాయెకో అనే టోక్యో ఉద్యోగిని 1982 లో సెలవు పెట్టి, కుసుంబపూలు కోయడానికి యమగాతా ప్రాంతపు పల్లెకు పోతూ, 1966 లో తాను అయిదవ తరగతి చదివిన రోజులను తలచుకొంటుంది. అందులో ఒక అనాసపండు కథ ఉన్నది. ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ తాజా అనాసపండు తినలేదు. కొని తెచ్చారు గాని దానిని కోయడం ఎట్లాగో ఎవరికీ తెలియదు. తెలిసికొని కోసి, అందరూ చుట్టూ కూర్చుని భక్తితో నోట పెట్టుకొంటే, పండు పండలేదు. గట్టిగా, పుల్లగా ఉన్నది. అందరూ ఒక్కొక్కరే పక్కన పెట్టారు. చిన్నపిల్ల తాయెకో మాత్రం పట్టుబట్టి నములుతూనే ఉన్నది. అంతే కథ. అప్పు లేదు, విమానం లేదు, చెంపదెబ్బ లేదు. కాని ఆశ పెట్టుకొన్నదానిని ఆశ తీరకపోయినా విడువలేని ఒక స్వభావం మన కళ్ళ ముందు పుట్టింది. ఇరవయ్యేడేండ్ల తాయెకోను అర్థం చేసికొనడానికి ఆ ఒక్క పండు చాలును.

ఇంకా దగ్గరి పోలిక ఒకటున్నది. ఆ చిత్రంలోనూ కొత్తగా బడికి వచ్చిన పిల్లవాడొకడు ఉన్నాడు. పేరు అబె. బీదవాడు, మురికిబట్టలవాడు, తాయెకో పక్కన కూర్చునేవాడు. తక్కినవారు అతనిని పైకే ఈసడించారు. తాయెకో పైకి ఏమీ అనలేదు గాని లోపల అంతకంటె ఎక్కువగా ఏవగించుకొన్నది. అతడు ఊరు విడిచి పోయేనాడు తరగతిలో అందరికీ చేయి కలిపి, తాయెకోకు మాత్రం నీతో కలపను పొమ్మన్నాడు. అన్నేండ్ల తరువాత పల్లెలో, వానలో ఆగిన కారులో కూర్చుని, ఆమె ఆ సంగతిని ఒక స్నేహితునితో చెబుతూ తన మంచితనం ఎంతటి నటనో తవ్వి తీస్తుంది. పరాయి ఊరి నుండి వచ్చిన పిల్ల ఎదుట తరగతిలోని వారందరూ పరీక్షకు నిలబడతారు. ఆ పరీక్షలో తాను తప్పానా అని అడుగుకొనడమే ఆ చిత్రానికి ప్రాణం.

‘ఉమి గా కికోయేరు’లోనూ సరిగ్గా అట్టి క్షణమే వచ్చింది. పదిమంది చుట్టుముట్టిన రికాకోను చాటున నిలబడి చూచిన తకు ఆమె ధైర్యాన్ని మెచ్చుకొన్నాడు. ఆమె కొట్టింది. ఎందుకు కొట్టింది? ఆమెకు ఆ సమయంలో కావలసినది మెప్పు కాదు, పక్కన ఒక మనిషి. నాటకం చూచిన ప్రేక్షకునివలె చప్పట్లు కొట్టినవానిని ఆమె క్షమింపలేకపోయింది. ఈ కథకు మర్మస్థానం ఇదే. తకు ఇక్కడ తనను తాను ప్రశ్నించుకోవలసి ఉన్నది. నేనెందుకు అడుగు ముందుకు వేయలేదు? ఈ ప్రశ్నతో అతడు ఒక్క రాత్రి మేల్కొని ఉంటే చాలు, చిత్రం నిలబడేది. కాని దర్శకుడు ఈ ప్రశ్నను ఎత్తకుండానే కథను ముందుకు తోసి, తరువాత మత్సునో నోట జవాబు మాత్రం చెప్పించాడు. నా కోసం నీ మనసు అణచుకొన్నావని తెలిసి ఆనాడు కొట్టాను అని అతడు వివరిస్తాడు. కథానాయకుని హృదయాన్ని స్నేహితుడు వివరింపవలసివచ్చినదంటే, కథానాయకునికి హృదయమున్నట్లు చిత్రం మనకు చూపలేదన్నమాటే గదా!

దీనివలన ఎక్కువ అన్యాయం జరిగినది రికాకోకు. ఇల్లు విరిగిన పిల్ల. ఊరు మారిన పిల్ల. చుట్టూ వినబడే యాస తనది కాదు. తనవారనుకొన్నవారు తనవారు కారని పదిహేడేండ్లకే తెలిసింది. ఇట్టి పిల్ల అబద్ధమాడినా, అప్పు ఎగవేయజూచినా, కరచినట్లు మాట్లాడినా దాని వెనుక ఒక నొప్పి ఉంటుందని పాఠశాలలో పని చేసేవారికి ఎవరికైనా తెలుసును. చిత్రం ఆ నొప్పి దగ్గరకు ఒక్కసారే, ఆ హోటలు గదిలోనే, వెళ్ళింది. తక్కిన కాలమంతా ఇద్దరు మగపిల్లల మధ్య నిలిచిన ఒక పొడుపుకథగానే ఆమెను చూచింది. పొడుపుకథను విప్పడం ముచ్చటగానే ఉంటుంది గాని, మనిషిని పొడుపుకథగా చూడడం కరుణ కాదు. ప్రేక్షకులలో చాలామందికి ఆమె మీద విసుగు పుడుతుంది. ఆ విసుగుకు బాధ్యత ఆమెది కాదు, ఆమెను చూపినవారిది.

ఇంగ్లీషు అనువాదవాక్యాలు చదువుతూ చూచే మనవంటివారికి మరొక నష్టమున్నది. అది చిత్రకారుల దోషం కాదు గనుక వేరుగా చెబుతున్నాను. కోచివారు మాట్లాడేది తోసా యాస. టోక్యో భాష మాట్లాడే రికాకోకు అది మొరటుగా తోస్తుంది. ఆ ఊరన్నా, ఆ యాసన్నా ఆమె ఏవగింపును దాచుకోదు. రాజధాని పలుకుకూ మారుమూల పలుకుకూ మధ్య ఉన్న ఎత్తుపల్లాలు ఎట్టివో మన పాఠకులకు ఎవరూ చెప్పనక్కరలేదు. మన తరగతులలోనూ పలుకుబడిని చూచి నవ్వేవారున్నారు, నవ్వులపాలైనవారున్నారు. ఇంగ్లీషు వాక్యాలలో ఈ భేదమంతా చదునైపోయి, అందరూ ఒకే భాష మాట్లాడుతున్నట్లు కనిపిస్తుంది. మూలభాష ఎరిగినవారికి ఈ చిత్రం మనకంటె ఒక మెట్టు పైన కనబడి ఉండవచ్చును. కాని యాస ఎంత సజీవంగా ఉన్నా, చెప్పవలసిన మాట చెప్పకపోతే లోటు తీరదు.

ఇక పేరు సంగతి. సముద్రం వినిపిస్తున్నది అన్న పేరు వినగానే మనం చెవి ఒగ్గుతాము. పసిఫిక్ ఒడ్డున పెరిగిన కుర్రవానికి సముద్రఘోష పుట్టిననాటి నుండి వినబడుతూనే ఉంటుంది. అందుచేతనే వినబడదు. ఊరు విడిచి, టోక్యో రైళ్ళ రొదలో నిలబడినప్పుడే ఆ ఘోష తన లోపల ఉన్నదని తెలుస్తుంది. ప్రేమ కూడా అట్టిదే అని ఆ పేరులోని సూచన అయి ఉండాలి. ఎంత గంభీరమైన సూచన! కాని చిత్రంలో సముద్రం కంటికి కనబడుతుందే గాని చెవికి ఆనదు. నేపథ్యంలో నీలంగా, అందంగా, నిశ్చలంగా ఉండిపోయింది. పేరు చేసిన వాగ్దానాన్ని కథ నిలుపలేదు. ప్రేక్షకుని నిరాశకు మూలం ఇదే. చెడ్డ చిత్రం చూచినప్పుడు కోపం వస్తుంది, దానిని మరచిపోతాము. మంచిది కాదగిన చిత్రం కాకపోయినప్పుడు వచ్చేది నిరాశ. అది చాలాకాలం ఉంటుంది.

యువకులు తక్కువ సొమ్ముతో టెలివిజన్ కోసం తీసిన చిన్న చిత్రాన్ని ఇంతగా పరీక్షింపవలెనా అని అడగవచ్చును. పరీక్షింపవలెననే నా అభిప్రాయం. అనాసపండు కథకు ఖర్చు లేదు, ముసలామె తూలడానికి ఖర్చు లేదు. చూపుకు ఖర్చు లేదు. పైగా నిత్యజీవితాన్ని వస్తువుగా తీసికొన్న కళను మనం కనికరించి వదలివేస్తే, నిత్యజీవితమే తక్కువదని ఒప్పుకొన్నట్లవుతుంది. రాజుల కథకు ఒక కొలబద్ద, బడిపిల్లల కథకు మరొక కొలబద్ద ఉండరాదు. బడిపిల్లవాని మనసు రాజు మనసుకంటె నిస్సారమైనది కాదు గనుక అతని కథను కూడా అంతే కఠినంగా తూచవలె. అది అతనికి మనమిచ్చే గౌరవం.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లల చేత వ్యాసాలు వ్రాయించేటప్పుడు ‘నా స్నేహితుడు’, ‘మా విహారయాత్ర’ అని విషయాలు ఇస్తూనే ఉంటాము. వారు ‘చాలా ఆనందించితిమి’ అని ముగిస్తూనే ఉంటారు. అది కూడా స్వశబ్దవాచ్యతయే. ఆనందం అన్న మాటను కొట్టివేసి, ఆనాడు బస్సులో ఎవరి పక్కన కూర్చున్నావో, ఎవరి చేతిలోని వేరుసెనగపప్పు తిన్నావో వ్రాయుమని ఒక్కసారి చెప్పి చూడండి. ఈ చిత్రాన్నీ, తకహాతా చిత్రాన్నీ వరుసగా చూపి, రెండింటిలోనూ కొత్తగా వచ్చిన పిల్లల పట్ల తరగతి ఎట్లా ప్రవర్తించినదో చర్చింపజేయండి. కావ్యప్రకాశంలోని ఒక సూత్రం అంతకంటె తేలికగా మరొక విధంగా బోధపడదు. విద్యార్థులకు ఒకే మాట. మీ తరగతిలో వెనుకబల్ల మీద ఊరికి కొత్తైన ఒక రికాకో కూర్చుని ఉండవచ్చును. ఆమె నెగ్గుకొచ్చినప్పుడు చాటున నిలబడి మెచ్చుకొనడానికి ముందు, నెగ్గుకొస్తున్నప్పుడే పక్కకు వెళ్ళి నిలబడండి. చిత్రం చెప్పలేకపోయిన మాట అదే.